చేతికి తగిన బంతి

మస్కట్‌లో నేను పనిచేసే చోట జనం పొద్దుట నుంచి బంతులు ఎత్తి చూస్తూనే ఉంటారు. అది బౌలింగ్ హాలు. నున్నటి చెక్క నేల మీద బరువైన బంతిని దొర్లించి, అవతలి చివర సీసాల్లా నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టడమే ఆట. వచ్చినవాళ్లకి పాదం కొలతకి బూట్లివ్వడం, ఏ బంతి తీసుకోవాలో చెప్పడం నా డ్యూటీ. ప్రతి బంతి మీదా ఒక అంకె ఉంటుంది, ఆరు నుంచి పదహారు దాకా. అది పౌండ్ల లెక్క. ఆరంటే అప్పుడే పుట్టిన బిడ్డంత బరువు. పదహారంటే పాకే బిడ్డంత.

చేరిన కొత్తలో సూపర్‌వైజరు నాకు ఒక లెక్క నేర్పాడు. మనిషి బరువులో పదోవంతు బంతి ఇవ్వమన్నాడు. ఆ లెక్క మొదలుపెట్టడానికే పనికొస్తుందని కొన్నాళ్లకి తెలిసింది. కండలు తిరిగినవాడు పదహారు తీసుకుని మూడో విసురుకే నడుం పట్టుకుంటాడు. సైట్‌లో సిమెంటు బస్తాలు మోసే బక్కపల్చటి మనిషి పదో నంబరుతో ఆడి నవ్వుతూ ఇంటికెళ్తాడు. నేనిప్పుడు ఒంటిని చూడను, భుజం చూస్తాను. బంతిని రెండు చేతులా గుండె దగ్గర పట్టుకోమంటాను. తర్వాత ఒక చేత్తో కిందికి దించి మెల్లగా ఒకసారి ఊపమంటాను. ఆ వైపు భుజం దిగితే బంతి బరువెక్కువ. వేళ్లు బంతిని పిసుకుతున్నా ఎక్కువే. చెయ్యి గాల్లో అటూ ఇటూ వంకరపోతే తక్కువ. బొటనవేలు రంధ్రంలో తిరగాలి, అలాగని జారిపోకూడదు.

ఇన్నేళ్లలో ఒకే చెయ్యి రెండుసార్లు చూడలేదు. అన్నదమ్ములు వస్తారు, ఒకేలా ఉంటారు, ఒకడికి పన్నెండు నప్పితే ఇంకొకడికి నప్పదు. దేవుడు మనిషిని మట్టితో చేశాడని సండే స్కూల్లో పాడుతూ పెరిగినదాన్ని నేను. ఆయన వేళ్ల సందుల దాకా కూర్చుని చేశాడని మాత్రం ఈ కౌంటరు దగ్గర నిలబడ్డాకే అర్థమైంది. కొన్నిసార్లు బూట్లు తుడుస్తూ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడ మా ఆరాధన శుక్రవారం పొద్దున్నే. ఆదివారం పనిదినం. మా తెలుగు సంఘంలో ఎక్కువమంది ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లే. నేనూ మొదట అలా వచ్చినదాన్నే, తర్వాత హాలు కంపెనీ వీసాకి మారాను. మా వాళ్లలో కడప వైపు నుంచి వచ్చిన అక్క ఒకామె ఉంది. కొండల వైపు రుస్తాఖ్ అనే ఊళ్లో ఒక ఒమానీ ఇంట్లో పని. నెలకొకసారి వాళ్ల బాబా, అంటే ఇంటి యజమాని, మస్కట్ వచ్చినప్పుడు ఆయన బండిలో వచ్చి ఆరాధనలో కూర్చుని వెళ్లేది.

ఆ అక్క పని ఆ ఇంటి ముసలావిడని చూసుకోవడం. పెద్దమామా అని పిలిచేది, ఇక్కడ మామా అంటే అమ్మ. పెద్దమామా తనంతట తాను మంచం దిగలేదు. అక్క పదకొండేళ్లుగా ఆవిణ్ని రోజుకి ఆరేడుసార్లు మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తుతోంది. అలాంటిది ఒకరోజు వాకిలి కడుగుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు. ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించారు. రెండు నెలలు ఏ పనీ ముట్టనివ్వలేదు. పెద్దమామాని కోడళ్లిద్దరూ చెరోవైపు పట్టుకుని, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే మోసి కుర్చీలో పెట్టేవారు. ఆవిడ వాళ్లని తిడుతూనే ఉండేదట.

కట్టు విప్పిన నెలలో మా ఆరాధనకి వచ్చి, ప్రార్థన మనవులు చెప్పే సమయంలో లేచింది.

"నా వీసా కాగితాలు వచ్చే నెల అయిపోతాయి. ఎత్తగలవా అని మేడమ్ అడిగింది. ఎత్తగలిగితే ఇంకా రెండేండ్లు ఉండు, లేదంటే చెప్పు, మర్యాదగా ఇంటికి పంపిస్తాం, ఇంకొకామెను తెచ్చుకుంటాం అనింది. అబద్ధం చెప్పి ఉండే మనిషిని కాదు నేను. నిజం చెప్పి పోదామంటే ఏది నిజమో తెలీల్యా. ఎత్తి నడిమధ్యలో వదిలేస్తే ఆ ముసలామె తుంటి విరుగుతాది. నా చెయ్యి సంగతి దేవుడు నాకు తెలియజేయాలని ప్రార్థన చేయండి."

అందరం చేశాం. అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య, ఆ చేతిని తన చేతుల్లో పెట్టుకుని చాలాసేపు ప్రార్థించింది.

ఆ శుక్రవారమే సంఘంలో ఆడవాళ్లందరినీ నేను హాలుకి తీసుకెళ్లాల్సిన రోజు. శుక్రవారం హాలు మధ్యాహ్నం నమాజు అయ్యాకే తెరుస్తారు. ఆలోపు ఒక గంట మావాళ్లని ఆడుకోనివ్వమని మేనేజరుని అడిగితే సరేనన్నాడు. పదిమంది దాకా వచ్చారు. బంతి ఎలా పట్టుకోవాలో చూపించి, ఎవరికి నప్పింది వాళ్లు తీసుకోండని చెప్పి, బూట్లు తేవడానికి లోపలికెళ్లాను.

వచ్చి చూద్దును కదా, అందరూ పన్నెండులూ పద్నాలుగులూ పొట్టకి ఆనించుకుని వరసగా నిలబడ్డారు. ఆరులూ ఎనిమిదులూ స్టాండులో ముట్టినవాళ్లు లేక మెరుస్తున్నాయి.

"అవెవరికి?" అన్నాను.

"తేలికవి అక్కలకి ఉంచాం" అంది ఒకామె.

"అక్కలంటే?"

ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అరవై ఏళ్ల అమ్మగారు పద్నాలుగో నంబరు మోస్తూ, "నేను చిన్నవాళ్లకి ఉంచాననుకున్నాను" అంది.

మా సంఘం ఇంతే. ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందులో కోడికూర వడ్డించినప్పుడు ప్రతివాళ్లూ మెడ ముక్కలూ ఎముకలూ వేసుకుని మంచివి వెనకవాళ్లకి వదులుతారు. చివరికి గిన్నె అడుగున తొడలన్నీ మిగిలిపోయి, అందరూ వాటిని ఒకరి కంచంలోకి ఒకరు తోసుకుంటారు. ఇక్కడ కూడా బంతి ఎవరు తీసుకుంటే వాళ్లదే అనుకున్నారు. వేసిన బంతి నేల కిందుగా తిరిగి మన దగ్గరికే వస్తుందనీ, ఒకే బంతిని పదిమందీ వాడుకోవచ్చనీ చెప్పాను.

"ఆ ముక్క ముందు చెప్పొద్దూ. నా నడుం పోయింది" అని అమ్మగారు బంతిని దించేసింది. అందరూ నవ్వుకుంటూ వెళ్లి మార్చుకున్నారు.

కడప అక్క మార్చుకోలేదు. ఓ పక్కగా నిలబడి, పద్నాలుగో నంబరుని కుడిచేత్తో కిందికి వేలాడదీసి పట్టుకుంది. ఇంకా మొహమాటపడుతోందనుకుని దగ్గరికెళ్లాను. భుజం బాగా దిగిపోయింది. మణికట్టు వణుకుతోంది. పెదాలు కదులుతున్నాయి.

"అక్కా, నీకు ఎనిమిది చాలు. ఇటివ్వు."

"ఉండు పాపా. పదిహేడు అయినాది."

"ఏం లెక్కపెడుతున్నావ్?"

"ఇరవై. పెద్దమామాను మంచం మీంచి కుర్చీలోకి తెచ్చేదానికి ఇరవై లెక్క పడతాది." ఇరవై అయ్యాక రెండో చేత్తో బంతిని అందుకుని స్టాండులో పెట్టింది. నుదురంతా చెమట. "ఇప్పుడు ఆ పదహారుదియ్యి. అది పట్టినాననుకో, మేడమ్‌కు ఉంటానని చెప్తా. వదిలేస్తినా, పోతా."

పదిమందిలో ఎవరికీ తెలియకుండా తనని తాను తూచుకుంటోంది ఆ మనిషి. ఆవిడ దేవుణ్ని అడిగిన ప్రశ్నకి నా స్టాండులో జవాబు వెతుకుతోంది.

"పదహారంటే పాకే బిడ్డంత, అక్కా. పెద్దమామా ఎక్కడ, ఇదెక్కడ?"

"దీన్నే పట్టలేకుంటే ఆమెనేం పడతా?"

"పదహారు పట్టినవాళ్లు కూడా దాన్ని సరిగా వేయలేరు. ఇది ఎత్తే ఆట కాదు, ఊపే ఆట. ఎంత మొయ్యగలవో చూసి బంతి ఇవ్వరు. ఏది నిన్ను లాగకుండా నీతో వస్తుందో అదిస్తారు."

నమ్మలేదు. అయినా నా మాట కాదనలేక ఎనిమిదో నంబరు తీసుకుంది. అక్కడ ఇంకో చిక్కు. తేలిక బంతులకి రంధ్రాలు చిన్నగా ఉంటాయి, పిల్లల వేళ్లకని. అక్క వేళ్లు ఏళ్ల తరబడి ఉతుకుళ్లకి కణుపుల దగ్గర లావెక్కాయి. మణికట్టుకి ఎనిమిది కావాలి, వేళ్లకి పద్నాలుగో నంబరు బంతి రంధ్రాలు కావాలి.

మా హాల్లో మిషన్లు చూసే ఫిలిప్పీన్స్ ఆయన అప్పుడే అన్నం తినడానికి కూర్చున్నాడు. సొంత బంతులు కొనుక్కునేవాళ్లకి రంధ్రాలు తొలిచేది ఆయనే. సంగతి చెప్పాను. ఆయన ఏమీ అడక్కుండా డబ్బా మూతపెట్టి లేచి, "సిస్టర్, హాత్ దిఖావ్" అని హిందీలో చెయ్యి చూపించమన్నాడు. కొలత పలకలో ఒక్కో వేలూ దూర్చి చూశాడు. మూలన అంచు పగిలి పక్కన పడేసిన పాత ఎనిమిదో నంబరు తెచ్చి మిషనుకి బిగించాడు. పెద్ద డ్రిల్లు బిట్టు పెట్టి తొలిచి, లోపలి అంచుని గరుకు కాగితంతో రుద్ది, అక్క బొటనవేలు పెట్టించి, తీయించి, మళ్లీ రుద్దాడు. నాలుగుసార్లు.

"నా పెండ్లికి గాజులోడు కూడా నా చెయ్యి ఇంతసేపు పట్టుకోల్యా" అంది అక్క తెలుగులో. నేను నవ్వితే ఏమన్నదని ఆయన అడిగాడు. చెప్తే చెవులు ఎర్రబడి అన్నం డబ్బా దగ్గరికి వెళ్లిపోయాడు.

బంతి వదిలే గీత దగ్గర అక్కని నిలబెట్టి చెప్పాను. "విసరొద్దు. బంతిని ముందుకి చాపి, చేతిని వదులు చెయ్యి. దానంతటదే కిందికొచ్చి వెనక్కి పోతుంది. దానంతటదే ముందుకొస్తుంది. వచ్చేటప్పుడు నువ్వు దాంతో పాటు అడుగెయ్యి. అంతే."

మొదటి బంతి పక్క కాలవలో పడింది. రెండోది కూడా. రెండుసార్లూ చెయ్యి బిగబట్టింది, నాకు భుజంలో కనిపిస్తోంది. మూడోసారి ఎందుకో కళ్లు మూసుకుంది. చెయ్యి తాడులా వేలాడింది. బంతి వెనక్కి పోయింది, వచ్చింది, ఆవిడ అడుగేసింది, వదిలింది. భుజం వెంట్రుకవాసి దిగలేదు. బంతి ఎంత మెల్లగా పోయిందంటే అమ్మగారు దాని పక్కనే నడిచి వెళ్లొచ్చు. అవతలికి చేరి మొదటి పిన్నుకి ఓరగా తగిలింది. ఒకటి ఇంకోదాని మీద ఒరిగింది. అది మరోదాని మీద. ఏ తొందరా లేకుండా ఏడు పడిపోయాయి.

నేను రోజూ చూసేదే. కుర్రాళ్లు పిడుగుల్లా వేసి పదీ పడగొట్టినప్పుడు కూడా నాకింత అబ్బురమనిపించలేదు. మావాళ్లు చప్పట్లు కొడుతున్నారు. అక్క పిన్నుల వైపే చూడలేదు. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నేనేం చేయల్యా పాపా" అంది. "నేను ఎత్తనేలేదు. అది వచ్చింది, నేను తోడుపోతిని."

తర్వాత ఆడలేదు. సోఫాలో కూర్చుని చాలాసేపటికి నన్ను పిలిచింది. "మనిషి కూడా ఇట్ల ఊగుతాదా? ఇన్నేండ్లూ ఆమెను చంకల కింద పట్టి మూటమాదిరి ఎత్తినా. ఆమె బరువు ఆమే తేగలదా అని ఎప్పుడూ చూడల్యా."

నాకు భయమేసింది. నాకు తెలిసింది బంతులే, మంచంపట్టిన మనుషుల సంగతి తెలియదు. ఆసుపత్రిలో నీ చేతికి వ్యాయామం చెప్పే ఆవిణ్ని అడక్కుండా ఏమీ చేయొద్దని మరీ మరీ చెప్పి పంపాను.

పది రోజుల తర్వాత ఫోన్ చేసింది. ఆసుపత్రిలో అడిగిందట. ఆ వ్యాయామం చెప్పే ఆవిడ, ఇదే సరైన పద్ధతి, నువ్వే ఇన్నాళ్లూ తప్పు చేశావని చెప్పి, ముసలావిడ నడుముకి కట్టే వెడల్పు పట్టీ ఇచ్చి, మోకాలు ఎక్కడ ఆనించాలో చూపించిందట.

"ఇంకా చేసి చూడల్యా" అంది అక్క. "నీ సెలవు దినం రా. నువ్వు నా భుజం చూడు. అది దిగితే నాకు తెలీదు, నీకు తెలుస్తాది. దిగిందంటే అప్పుడే నా చేతకాదని మేడమ్‌కు చెప్పేస్తా."

వాళ్ల బాబా మస్కట్‌లో పని చూసుకుని వెళ్తూ నన్ను బండి ఎక్కించుకున్నాడు. రుస్తాఖ్ దగ్గరపడేకొద్దీ కొండలు పైకి లేస్తాయి. గడ్డిపోచ కూడా లేని వట్టి రాతి కొండలు. వీటిని త్రాసులో వేసి తూచగలిగిన దేవుడికి ఒక మణికట్టులో ఎంత సత్తువుందో తెలియదా అనుకున్నాను. ఆయనకి తెలుసు సరే, చెప్పాల్సింది నేను. భుజం కాస్త దిగినా దిగలేదని చెప్తే అక్క ఉంటుంది. ఆ ఒక్క మాట ఎంత తేలిగ్గా నా నోట్లోకి వచ్చి కూర్చుందో. దొంగ తూకం దేవుడికి ఎంత అసహ్యమో చిన్నప్పుడే కంఠతా పట్టినదాన్ని. అక్క చెయ్యి బాగుండాలని కాదు, నా కన్నూ నోరూ ఒకటే చెప్పాలని దారంతా ప్రార్థన చేసుకున్నాను.

పెద్దమామా మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. గోరింటాకుతో ఎర్రబడిన వేళ్లు, పళ్లు లేని నోరు, నేను అనుకున్నదానికంటే భారీ మనిషి. మేడమ్, ఆవిడ పెద్దకోడలు, చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎవరీ పిల్ల?" అంది పెద్దమామా అరబ్బీలో.

"మస్కట్ నుంచి వచ్చింది. బరువులు చెప్తాది" అంది అక్క కూడా అరబ్బీలోనే.

"నా బరువెంతో చెప్పమను."

"నీ నోటి బరువు చెప్పమంటా ముందు."

ముసలావిడ పొట్ట ఊగేలా నవ్వింది. అక్క ఆవిడ నడుముకి పట్టీ కట్టి, మంచం అంచుకి జరిపి, పాదాలు నేలకి ఆనించి, తన మోకాలు ఆవిడ మోకాలికి ఆనించింది. నేను వెనక్కి జరిగి కుడి భుజం మీద కన్నుపెట్టాను.

"మూడు లెక్కపెడతా మామా. ముందుకీ వెనక్కీ ఊగు. మూడో దానికి లేస్తాం."

ఒకటి, రెండు. మూడనగానే అక్క కదిలింది, పెద్దమామా కదల్లేదు. అక్క లాగింది. భుజం దిగిపోయింది. ఆవిణ్ని మెల్లగా మంచం మీదే వదిలి నా వైపు చూసింది.

ఎలాగో అన్నాను. "దిగింది, అక్కా."

"ఏమంటోంది?" అని అడిగింది మేడమ్.

అక్క ఒక్క అక్షరం దాచకుండా అరబ్బీలో చెప్పింది. భుజం దిగింది, చెయ్యి చాలలేదు అంది. మేడమ్ తలదించుకుంది.

"దాన్నేమీ అనకండి" అంది పెద్దమామా. అందరం అటు తిరిగాం. "నేను ఊగలేదు. మళ్లీ దాని చెయ్యి విరుగుతుందేమోనని నా బరువు నా దగ్గరే బిగబట్టుకున్నాను."

అక్క ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అట్ల పట్టుకుంటేనే విరుగుతాది మామా. నాకు ఇచ్చేయి. అంతా ఇచ్చేయి. షువయ్య షువయ్య."

మెల్లమెల్లగా అని దానర్థం. ముసలావిడ అక్క మొహంలోకి చాలాసేపు చూసి, రెండు అరచేతులూ అక్క భుజాల మీద వేసింది. ఒకటనగానే ముందుకి ఒరిగింది. రెండుకి వెనక్కి. మూడుకి తల అక్క భుజం దాటి ముందుకొచ్చింది, నడుం మంచం మీంచి లేచింది, ఆ లేచేదాంతో పాటు అక్క ఒక్క అడుగు వెనక్కి వేసింది. కుడి భుజం, ఎడమ భుజం ఒక్క గీత మీద ఉన్నాయి.

పెద్దమామా నిలబడి ఉంది. చనిపోయినవాళ్లు లేచిన సంగతులు ప్రసంగాల్లో ఎన్నోసార్లు విని ఆమెన్ అన్నాను. ఒక మనిషి మంచం మీంచి తన పాదాల మీదికి లేవడంలో ఎంత పని ఉందో, ఎన్ని ఎముకలు ఒకదాన్నొకటి నమ్మాలో అప్పుడే చూశాను.

"దిగలేదు" అన్నాను. ఆ మాట అరబ్బీలో చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మేడమ్" అంది అక్క, ఆవిణ్ని పట్టుకునే ఉండి. "మంచం నుంచి కుర్చీకి నేను చాలు. కానీ ఆమె ఎప్పుడన్నా కిందపడితే నేలమీంచి ఒక్కదాన్నే లేపలేను. స్నానానికి ఇంకొకరు తోడుండాల. అది ఒప్పుకుంటే ఉంటా."

"నేనుంటాను" అంది మేడమ్. "నీ కాగితాలు రేపే రెన్యువల్‌కి ఇచ్చేద్దాం."

అక్క కుర్చీని కాలితో దగ్గరికి లాక్కుంటోంది. పెద్దమామా కూర్చోనంది. ఇన్ని నెలలుగా కూర్చోబెట్టి మోయడమే కాబట్టి ఆవిడకి కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. ఇప్పుడు నిలబడితే గోడ పక్కన నిమ్మచెట్టు కనిపించింది.

"కాయలన్నీ పండిపోయాయి. ఈ ఇంట్లో ఒక్కళ్లకీ కళ్లు లేవా?" అంది.

మేడమ్ వంటింట్లోంచి బుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఆవిడ ఒక్కో కాయా తెంపుతుంటే, పెద్దమామా అక్క మెడ చుట్టూ చేతులు వేసుకుని నిలబడి, అది కాదు, పైది, దాని పక్కది అని కిటికీలోంచి చెబుతూనే ఉంది.